ఆకాశమునకు నీరుగంటి యెవరు?

ధ్రువప్రాంతములలో గాలిని వేర్వేరు ఎత్తులయందు పట్టి, అందు లేశమాత్రముగా నున్న వాయువులను కొలుచుటకు దేశదేశములవారు విశేష ధనమును వ్యయము చేయుచున్నారు. మన దేశమును ఆ పనిలో పాల్గొనుచున్నది. “త్రాగునీటికే కటకటలాడు ఓబులదేవరచెరువు వంటి చోట నిలిచి చూచినచో ఇది కలిగినవారి వినోదమువలె కన్పట్టుచున్నది, అచటి గాలితో మనకేమి పని?” అని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. ప్రశ్న సహేతుకమైనదే. అనంతపురము సీమలో ఏటికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. అట్టి చోట ప్రజాధనమున ప్రతి రూపాయికిని లెక్క అడుగుట పౌరుని హక్కు. కాని యీ ప్రశ్నకు సమాధానము మనము తలంచిన దానికంటె మన పొలములకు చేరువగా నున్నది. దానిని పాఠక మహాశయుల ముందుంచుటయే మా యుద్దేశము.

ముందుగా ఈ లేశవాయువు లెవ్వియో తెలిసికొందము. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. మిగిలిన ఒక్క పాలులో అధికభాగము ఆర్గాను. ఇక మిగులునది అత్యల్పము. బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో 420 పాళ్లు దాటినది. మిథేను పది లక్షలలో రెండు పాళ్లకు లోపు. నైట్రస్ ఆక్సైడు వందకోట్ల పాళ్లలో సుమారు 335. ఒకప్పుడు శీతలయంత్రములందు విరివిగా వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఒక్కొక్కటి వందకోట్ల పాళ్లలో ఒక పాలైనను నిండవు. ఇంత స్వల్పమైన వస్తువు ఏమి చేయగలదని తోచవచ్చును. కుండెడు పాలను చెంచాడు తోడు తెల్లవారుసరికి పెరుగు చేయుట మన యిండ్లలో నిత్యము చూచుచునే యున్నాము. భూమిని వెచ్చగా నుంచునవి, సూర్యుని హానికర కిరణముల నడ్డగించు ఓజోనును నిలుపునవి లేక చెరచునవి ఈ లేశవాయువులే.

వీనిని నేలమట్టమున కొలిచిన చాలదా, ఎత్తెత్తున ఏల కొలువవలెనని రెండవ ప్రశ్న. చెరువుగట్టున నిలిచి పైనీటిని చూచినవానికి చెరువు నిండినట్లే తోచును. పూడిక ఎంత పేరినదో, తూముకడ నిజముగా ఎంత లోతున్నదో, ఎన్ని ఎకరములకు నీరు పారునో చెప్పవలసినవాడు నీరుగంటి. అతడు కర్రతో లోతు చూచి చెప్పిన పిమ్మటనే ఆయకట్టువారు నాటుటయో మానుటయో నిశ్చయించుకొందురు. గాలి విషయమును ఇట్టిదే. మన తలపై సుమారు 17 కిలోమీటర్ల యెత్తువరకు గాలి క్రిందుమీదుగా కలియుచుండును. ధ్రువములపై ఈ కలయిక సుమారు 8, 9 కిలోమీటర్లకే ముగియును. ఆపైన నున్నది స్ట్రాటో ఆవరణము. ఓజోనులో అధికభాగ మచటనే యున్నది. నైట్రస్ ఆక్సైడు, క్లోరోఫ్లోరోకార్బనులు నేలకడ ఎంతో నిలుకడగల వాయువులు. అచటి తీక్ష్ణమైన సూర్యకిరణములు సోకినపుడు మాత్రము విచ్ఛిన్నమగును. కావున ఏ యెత్తున ఏ వాయువు ఎంత మిగిలినదో చూచినచో, ఆ గాలి ఎచటనుండి వచ్చినదో, ఎంతకాలము పైన తిరిగినదో తెలియును. నేలమట్టపు కొలత ఒక్కటియే యీ సంగతులను చెప్పజాలదు.

ఇట్టి కొలతవలన లోకమునకు కలిగిన మేలునకు దక్షిణధ్రువమే సాక్షి. 1985లో అంటార్కిటికాయందలి హాలీబే స్థావరపు లెక్కలను పరిశీలించిన బ్రిటిషు శాస్త్రజ్ఞులు ఫార్మను, గార్డినరు, షాంక్లిను అను మువ్వురు, అచట వసంతకాలమున ఓజోను ఏటేటికి క్షీణించుచున్నదని ప్రకటించిరి. వారి సాధనము డాబ్సను కనిపెట్టిన పాతకాలపు యంత్రము. వారి బలము 1950 దశకమునుండి మానక వ్రాసి యుంచిన లెక్కల పుస్తకము. అదే కాలమున ఆకాశమున తిరుగుచున్న అమెరికా ఉపగ్రహమును ఆ తరుగుదలను చూచినది. కాని అంత తక్కువ అంకెలు సందేహాస్పదములని గుర్తింపబడి వేరుగా నుంచబడినవి. గొప్ప యంత్రము చూచియు గ్రహింపలేని దానిని ఓపికతో ఏండ్లతరబడి సాగిన చిన్న కొలత బయట పెట్టినది.

అంతటితో వివాదము తీరలేదు. ఓజోను ఏల తరుగుచున్నదను విషయమున మూడు పక్షములు బయలుదేరినవి. సూర్యుని ప్రకోపమువలన పుట్టిన నత్రజని ఆక్సైడులే కారణమని ఒక పక్షము. క్రిందనున్న ఓజోను లేని గాలి పైకి పొంగి అచట చేరినదే కాని నాశ మేమియు లేదని రెండవ పక్షము. మానవుడు విడిచిన క్లోరోఫ్లోరోకార్బనులనుండి వెలువడిన క్లోరినే ఓజోనును హరించుచున్నదని మూడవ పక్షము. ఈ మూడవ పక్షమునకు మూలమైన హెచ్చరికను 1974లోనే మోలినా, రోలాండు అను రసాయన శాస్త్రజ్ఞులు చేసియుండిరి. సరకు తయారుచేయు సంస్థలకు మొదటి రెండు పక్షములే ఇంపుగా నుండెనని వేరుగా చెప్ప నక్కరలేదు.

తీర్పు చెప్పినది వాదము కాదు, కొలత. 1986లో సూసను సోలమను నాయకత్వమున శాస్త్రజ్ఞులు మెక్‌మర్డో స్థావరమునుండి పరిశీలించిరి. 1987 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో చిలీ దేశపు పుంటా అరీనాసు పట్టణమునుండి ఈఆర్-2 అను విమానము సుమారు 18 కిలోమీటర్ల యెత్తున ధ్రువపు సుడిగాలిలోనికి చొచ్చిపోయి వాయువులను కొలిచినది. సుడిలోపల నత్రజని ఆక్సైడులు హెచ్చుగా లేవు, మిక్కిలి తక్కువగా నుండెను. మొదటి పక్షము పడిపోయినది. నైట్రస్ ఆక్సైడు బయటికంటె చాల తక్కువగా నుండెను. క్రిందిగాలి పొంగి వచ్చియున్నచో అది హెచ్చుగా నుండవలెను. తక్కువగా నున్నదనగా ఆ గాలి పైనుండి దిగినదని అర్థము. రెండవ పక్షమును పడిపోయినది. క్లోరిను మోనాక్సైడు మాత్రము లోనికి పోయినకొలది అనేక వందల రెట్లు పెరుగగా, అది పెరిగిన చోటనే ఓజోను తరిగినట్లు తేలినది. ఆ సెప్టెంబరు 16వ తేదీననే మాంట్రియలులో దేశములు ఒడంబడికపై సంతకములు చేసినవి. పిమ్మటి సంవత్సరములలో దానిని కఠినతరము చేయుటకు ఈ కొలతలు బలమిచ్చినవి. 1992లో భారతదేశమును అందు చేరినది. 2022లో వెలువడిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక ప్రకారము, ఇప్పటి కట్టుబాట్లు సాగినచో అంటార్కిటికాపై ఓజోను 1980 నాటి స్థితికి సుమారు 2066 నాటికి చేరుకొనును. మానవజాతి తన తప్పును తాను దిద్దుకొన్న అరుదైన సందర్భము లలో నిది యొకటి.

ఒడంబడిక వ్రాసినంతమాత్రమున పని ముగిసినదా? లేదు. సీఎఫ్‌సీ-11 అను వాయువుయొక్క ఉత్పత్తి 2010 నాటికి ఎల్లదేశములందును నిలిచిపోవలసి యుండెను. గాలిలో దాని తరుగుదల 2012 తరువాత మందగించినదని 2018లో కొలతల వలన బయటపడినది. అనగా ఎవరో చాటుగా తయారుచేయుచున్నారు. కొరియాయందలి గోసాను, జపానుయందలి హతెరుమ స్థావరముల లెక్కలు 2019లో ఆ దొంగసరకులో పెద్ద భాగము తూర్పు చైనానుండి వచ్చుచున్నదని చూపినవి. అటుపిమ్మట అది తగ్గినది. కాని పెరిగిన సరకులో మిగిలిన భాగ మెచటిదో నిర్ణయింప సాధ్యము కాలేదు; ప్రపంచమున అనేక ప్రదేశములలో కొలుచు స్థావరములు లేకపోవుటయే దానికి కారణము. కొలత లేనిచోట చట్టము కాగితముపై వ్రాతగా మిగులును. ఆయకట్టులో నీరుగంటి లేని రాత్రి ఎవరి మడవ ఎవరు తెగగొట్టుకొందురో రైతులకు మేము చెప్పవలెనా?

ఇక మన సంగతికి వత్తము. ధ్రువమునకును మనకును నడుమ సముద్రము లున్నవి గాని గోడ లేదు. నేలకడ గాలి స్ట్రాటో ఆవరణములోనికి ప్రవేశించు ముఖ్యద్వారము ఉష్ణమండలమే. ఇచట పైకెక్కిన గాలి మెల్లగా ఉత్తర దక్షిణములకు సాగి ధ్రువములకడ క్రిందికి దిగును. బ్రూయరు, డాబ్సను అనువారి పేర పిలువబడు ఈ ప్రవాహమున ప్రయాణించుటకు గాలికి కొన్ని సంవత్సరములు పట్టును. బొగ్గుపులుసు వాయువు ఏటేట పెరుగుచున్నది గనుక, ధ్రువముపై ఎత్తున పట్టిన గాలిలో అది ఎంత వెనుకబడి యున్నదో చూచి ఆ గాలి వయస్సును లెక్కింతురు. అది సుమారు ఐదేండ్లని తేలుచున్నది. మన వంటి ఉష్ణదేశముల మీదుగా ఐదేండ్లక్రితము పైకెక్కిన గాలియే నేడు ధ్రువము మీద దిగుచున్నదన్నమాట. కనుక దాని ద్వారము మన తలపై నుండగా, గమ్యమును మాత్రము పరదేశీయులు కొలిచిపెట్టుదురని ఊరకుండుట తగునా?

మనవారు ఊరకుండలేదనుట సంతోషకరము. భారతదేశపు మొదటి యాత్ర 1982 జనవరిలో అంటార్కిటికాపై కాలుమోపెను. దక్షిణ గంగోత్రి, దాని పిమ్మట మైత్రి, 2012లో భారతి స్థావరములు వెలసినవి. ఉత్తరధ్రువ ప్రాంతమున 2008లో హిమాద్రి ఆరంభమైనది. మైత్రినుండి భారత వాతావరణశాఖవారు బెలూనులు విడిచి ఓజోనును ఎత్తెత్తున కొలిచిరి. ఆ సాధనము పనిచేయు తీరు సులభముగా గ్రహింపదగినది. చిన్న పంపు బయటిగాలిని పొటాసియం అయొడైడు ద్రావణములో బుడగలుగా పంపును. అందలి ఓజోను అయొడినును విడిపింపగా స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు పరిమాణమే ఓజోను లెక్క. ఈ సాధనమును 1960 దశకమున పుణెలో స్వదేశముననే నిర్మించినవారు మనవారే. ఖద్దరుకు రాట్నమెట్టిదో విజ్ఞానమునకు స్వదేశీ సాధన మట్టిది. ఇతరుల యంత్రముతో ఇతరులు కొలిచి యిచ్చిన అంకెపై వాదించువాడు ఇతరుల నూలుతో నేసిన గుడ్డ కట్టినవానితో సమానుడు.

తెలుగుదేశమునకు ఈ చరిత్రలో ప్రత్యేకస్థానము కలదు. హైదరాబాదునందు టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమున్నది. అచటినుండి 1987, 1990 సంవత్సరములలో అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలవారు జర్మను శాస్త్రజ్ఞులతో కలిసి పెద్ద బెలూనులతో ఉక్కుగొట్టములను పైకి పంపిరి. అతిశీతలముగా నుంచబడిన ఆ గొట్టములు నిర్ణీతమైన ఎత్తులలో తెరువబడి గాలిని గడ్డకట్టించి పట్టి తెచ్చినవి. నైట్రస్ ఆక్సైడు, క్లోరోఫ్లోరోకార్బనులు మన ఆకాశమున ఎంత యెత్తున ఎంత తరుగుచున్నవో వానివలన తెలిసినది. 1994లోను, 1998లోను మరల అట్టి ప్రయత్నములు జరిగినవి. తిరుపతి చెంత గాదంకియందు జాతీయ వాతావరణ పరిశోధనశాల గొప్ప రాడారుతోను, బెలూనులతోను పై గాలిని పరిశీలించుచున్నది. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమువారు నేలమట్టపు ఓజోనును, నత్రజని ఆక్సైడులను కొలిచిరి. కావున ఇది పరాయివారి విద్య కాదు. మన యింటి గడపలోని విద్యయే.

కొలత మనచేతిలో లేనియెడల కలుగు నష్టమెట్టిదో చెప్పుటకు ఒక్క యుదాహరణము చాలును. 1990 దశకపు తొలినాళ్లలో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ యొక లెక్క కట్టి, భారతదేశపు వరిమళ్లనుండి ఏటికి సుమారు 3 కోట్ల 78 లక్షల టన్నుల మిథేను వెలువడుచున్నదని పేర్కొనెను. అన్యదేశములలో నిరంతరము నీరు నిలువగట్టు మళ్లలో చూచిన అంకెలను మన దేశపు వరిభూమి కంతటికి గుణించుటవలన వచ్చిన అంకె యది. లోకమును వేడిచేయు నేరమును నాటు వేయు కూలిజనము నెత్తిన మోపుటకు సిద్ధమైన అంకె. ఢిల్లీయందలి జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఏ.పి. మిత్రా నాయకత్వమున 1991లో దేశమంతట మళ్లలోనికి దిగి, పైరుపై పెట్టెలు బోర్లించి, వాయువును పట్టి కొలిచిరి. వాస్తవము సుమారు 40 లక్షల టన్నులని తేలినది. మోపబడిన దానిలో పదవ వంతుకు మించి కాస్త మాత్రమే. మన మళ్లలో అనేకములు వానపైనను చెరువులపైనను ఆధారపడినవి, నీరు నిండుచు ఎండుచు నుండునవి యగుటయే దీనికి కారణము. మన నీరుగంటి ఎరిగిన యీ సత్యము పరదేశపు బల్లకడ కూర్చుండి గుణించినవారికి తెలియకపోయెను. మనము కొలిచి చూపకున్న నేటికిని ఆ అంకెయే చెల్లుచుండెడిది.

అట్లని కొలత నెల్లప్పుడు మనకు ప్రియముగా పలుకునని తలంపరాదు. 2009లో మైసూరు విశ్వవిద్యాలయమున చదివిన రవిశంకర అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఒక అంశమును నిరూపించిరి. క్లోరోఫ్లోరోకార్బనులు కట్టుబడిన పిమ్మట, నేడు మానవులు విడుచుచున్న వానిలో ఓజోనునకు అత్యధికముగా హాని చేయునది నైట్రస్ ఆక్సైడే. దానికి మాంట్రియలు ఒడంబడికలో కట్టడి లేదు. అది మన పొలమునుండియే పుట్టుచున్నది. పైరు పీల్చుకొనలేనంత యూరియాను చల్లినపుడు మిగిలిన నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు మార్చగా అందు కొంతభాగము నైట్రస్ ఆక్సైడయి లేచిపోవును. అట్లు లేచినది గాలిలో సుమారు నూరేండ్లకు మించి నిలుచును. అనగా రైతు విలువిచ్చి కొన్న ఎరువు పైరుకు గాక ఆకాశమునకు పోవుచున్నది. హిందూపురపు మల్బరి తోటలోను, చెరువుక్రింది వరిమడిలోను ఇది యొకే తీరుగా నష్టమే. 2015లో ప్రభుత్వము యూరియాకు వేపనూనె పూత నిర్బంధము చేసినది. వేప నత్రజనియొక్క మార్పును మందగింపజేయును. వేరుశనగ తన వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులచే గాలినుండి నత్రజనిని తానే సంపాదించుకొనును. మన సీమ రైతునకు ప్రకృతి ఇచ్చిన ఈ వరమును గుర్తెరిగి, అవసరమైనంతకు మించి ఎరువు చల్లకుండుట స్వార్థమును, పరార్థమును ఒక్కమారే నెరవేర్చును.

మిథేను విషయమున మనపై మోపిన నింద అసత్యమని కొలత చెప్పినది. నైట్రస్ ఆక్సైడు విషయమున మనయందును దోషమున్నదని కొలత చెప్పుచున్నది. మొదటిదానిని అంగీకరించి రెండవదానిని త్రోసిపుచ్చు దేశాభిమానము దేశాభిమానము కాదు. సత్యమునందు మనకు అనుకూలమైన సగమును మాత్రమే కోరుట స్వరాజ్యమునకు తగిన బుద్ధి కాదు. పరులు పెట్టిన తప్పుడు లెక్కను తిరస్కరించు అధికారము, తన లెక్కను తాను నిర్దాక్షిణ్యముగా వ్రాసికొనువానికే కలదు.

అందుచేత మేము కోరునది స్పష్టము. నాలుగైదు మారులు బెలూను ఎగురవేసి ఏండ్లతరబడి విరమించుట చాలదు. హైదరాబాదు, గాదంకి, మైత్రి, భారతి, హిమాద్రులనుండి ఋతువు ఋతువునకు లేశవాయువుల ఎత్తుల లెక్కను ఒకే పద్ధతిని తీయుచుండవలెను. దీనికి నేడు వెనుకటియంత వ్యయమును అవసరము లేదు. నూరు మీటర్లకు తక్కువ కాని సన్నని ఉక్కుగొట్టమును చుట్టగా చుట్టి చిన్న బెలూనునకు కట్టి పంపుదురు. పైకి పోవునపుడు అందలి గాలి వెడలిపోవును, దిగునపుడు ఎత్తెత్తుననున్న గాలి వరుసగా లోన నిండును. ఎయిర్‌కోరు అను ఈ సాధనముతో ఫిన్లాండునందలి సొదంకులాలో 2013 మొదలు ఉత్తరధ్రువపు గాలిని కొలిచిరి. అట్టి సాధనమును మన కర్మాగారములు చేయలేవా? వచ్చిన లెక్కలను దాచక ప్రకటింపవలెను. ఇంగ్లీషునందే గాక తెలుగునందును ప్రకటింపవలెను. ఎరువు చల్లు రైతుకు తన ఎరువు ఏమగుచున్నదో అతని భాషలో తెలియకున్న ఆ విజ్ఞానము ఎవరి కొరకు?

మిత్రులడిగిన ప్రశ్నలో ఒక న్యాయమును మేము విస్మరింపము. గొంతెండిన ఊరికి ముందు నీరు కావలెను. చెరువుల పూడిక తీయవలసిన ధనమును బెలూనులకు మరల్చుమని మేము చెప్పుటలేదు. రెండును ఒకే ధర్మములోని రెండు పనులని చెప్పుచున్నాము. ఓబులదేవుని పేర వెలసిన ఊరికి చెరువే పేరులో భాగమైనది. అట్టి చెరువులను త్రవ్వించిన పెద్దలు గట్టుతో ఆగలేదు; తూమునకు కావలిగా నీరుగంటిని నియమించి, అతని కూలికి గింజలు ఏర్పరచిరి. నీరు వచ్చిన ఏడును రాని ఏడును అతడు గట్టుమీదనే యుండెను. పొదుపు పేరుతో అతనిని మొదట తొలగించిన ఊరు ఏమగునో పల్లెలు చూచినవి. ప్రభుత్వములు వ్యయము తగ్గింపబూనినపుడు కొలతపని చేయువారిపైననే మొదట కత్తి దూయుట పరిపాటి; వారు లేనందున ఆనాడే ఏ నష్టమును కనబడదు. హాలీబేయందు ఆ లెక్కలపుస్తకము ఏ యేటనో మూతబడి యున్నచో, ఓజోను తరుగుచున్నదని లోకమునకు ఎన్నడు తెలిసియుండెడిదో ఊహింపుడు. ఆ పుస్తకమును మనవంతున మనము తెరచి యుంచవలెను.